సోలార్ చేతి గడియారాలు, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

సోలార్ వాచీ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారూ, ఏళ్ల తరబడి వాడుతున్నవారూ అడిగే సందేహాలు చాలావరకు ఒక్కటే. ఎవరికి వారికి విడివిడిగా రాసిన జవాబులను సరిదిద్ది, కొనే ముందు దశ నుంచి వాచీ పాతబడే దశ వరకు వరుసలో పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోటు నుంచి చదువుకోవచ్చు.

## కొనే ముందు

సోలార్ వాచీ అసలు ఎలా నడుస్తుంది? ప్యానెల్ ఎక్కడా కనిపించదేం?

ప్యానెల్ డయల్ కిందే ఉంటుంది. డయల్‌ను కొంత వెలుతురు లోపలికి పోయే పదార్థంతో చేస్తారు. ఆ వెలుతురు కింద ఉన్న పలచటి సిలికాన్ పొర మీద పడి విద్యుత్తుగా మారుతుంది, ఆ విద్యుత్తు తిరిగి ఛార్జ్ అయ్యే ఒక చిన్న బిళ్ల బ్యాటరీలో చేరుతుంది. అక్కడి నుంచి లోపల జరిగేదంతా మామూలు క్వార్ట్జ్ వాచీలో జరిగేదే: సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఆ కంపనాలను లెక్కపెట్టే సర్క్యూట్, ముళ్లను తిప్పే బుల్లి మోటారు. ముళ్ల వాచీకి కావలసిన శక్తి కొద్ది మైక్రోవాట్లే, అంటే ఒక వాట్‌లో పది లక్షల వంతులు కొన్ని. అందుకే డయల్‌ను దాటి వచ్చిన కాస్త వెలుతురే దానికి చాలుతుంది.

1976లో సిటిజన్ సంస్థ తెచ్చిన క్రిస్ట్రాన్ సోలార్ సెల్ వాచీలో డయల్ నిండా సౌరఘటాలే కనిపించేవి. ఆ తరువాత వచ్చిన చాలా వాచీల్లో ఘటాన్ని ముక్కలుగా కోసి వరుసగా కలిపేవారు, ఎందుకంటే ఒక్కో ముక్క ఇచ్చే అర వోల్టు పైచిలుకు బ్యాటరీని నింపడానికి సరిపోదు. పాత సోలార్ వాచీని ఏటవాలుగా వెలుతురులో పట్టి చూస్తే డయల్ అడుగున ప్లస్ గుర్తులా సన్నటి గీతలు కనిపిస్తాయి, అవే ఆ ముక్కల అంచులు. ఇప్పుడు తయారీదారులు ఆ గీతలను దాచడంలో ఆరితేరారు. సిటిజన్ తన ఖరీదైన వాచీల్లో కొన్నింటికి తోసా వాషీ అనే జపాన్ చేతి కాగితంతో డయల్ చేస్తుంది. కాగితం తెల్లగా, మెత్తగా కనిపిస్తూనే కింది ఘటానికి వెలుతురును వదులుతుంది.

నేను రోజంతా ఆఫీసు గదిలోనే ఉంటాను. ఎండ తగలకపోతే పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ ఎండలో నిమిషాల్లో అయ్యే పనికి గదిలో గంటలు పడుతుంది. కాసియో తన సోలార్ వాచీల్లో చాలావాటికి ఇచ్చే పట్టికలో ఒక రోజు వాడకానికి సరిపడే ఛార్జ్ కోసం 50,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు తీవ్రతకు కొలత) ఎండలో 5 నిమిషాలు, ఎండ పడే కిటికీ పక్కన 10,000 లక్స్‌లో 24 నిమిషాలు, మబ్బు పట్టిన రోజున కిటికీ పక్కన 5,000 లక్స్‌లో 48 నిమిషాలు, ట్యూబ్‌లైటు వెలుగులో 500 లక్స్‌ దగ్గర 8 గంటలు అని ఉంటుంది. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారినా వాటి మధ్య ఉన్న నిష్పత్తి అన్ని సంస్థలకూ దాదాపు ఇదే.

దీన్ని చదివితే తెలిసేది ఏమిటంటే, దీపాల కింద పూర్తి పని దినం గడిపితే ఆ రోజు ఖర్చు ఆ రోజుకు సరిపోతుంది గానీ నిల్వ పెరగదు. నిల్వ పెరగాలంటే వారానికి ఒక్కసారైనా వాచీని ఒకటి రెండు గంటలు కిటికీ గట్టు మీద ఉంచాలి. వాచీల్లో ఎక్కువగా వాడే అమార్ఫస్ సిలికాన్ కంటికి కనిపించే కాంతినే బాగా గ్రహిస్తుంది కాబట్టి ట్యూబ్‌లైట్, ఎల్‌ఈడీ వెలుగులు కూడా దానికి పనికివస్తాయి.

రాత్రి తీసి పక్కన పెడితే తెల్లారేసరికి ఆగిపోతుందా?

ఆగదు. పూర్తిగా నిండిన సోలార్ వాచీ చీకట్లో సాధారణంగా ఆరు నెలల వరకు నడుస్తుంది. సిటిజన్ 2023లో తెచ్చిన ఎకో-డ్రైవ్ 365 రకం నిండా ఛార్జ్ అయితే ఏడాది పాటు నడుస్తుంది.

ప్రపంచంలో మొదటి సోలార్ వాచీ ఎవరిది?

ఈ గౌరవం తమదేనని ఒకరికంటే ఎక్కువమంది చెప్పుకుంటారు. అమెరికాకు చెందిన రోజర్ రీల్ రూపొందించిన సింక్రొనార్ 1970ల తొలి సంవత్సరాల్లోనే అమ్మకానికి వచ్చింది. అది ముళ్లు లేని వాచీ, ఎర్ర అంకెలు చూపే ఎల్‌ఈడీ రకం, ఘటాలు దాని నెత్తిన ఉండేవి, సమయం వాచీ పక్క అంచు మీద కనిపించేది. ముళ్లతో నడిచే మొదటి సోలార్ క్వార్ట్జ్ మాత్రం 1976 నాటి సిటిజన్ వాచీయే. 1993లో జర్మనీకి చెందిన యుంగ్‌హాన్స్ రేడియో సంకేతంతో తనను తాను సరిదిద్దుకునే సోలార్ వాచీని తెచ్చింది.

స్విట్జర్లాండ్‌లో వాచీలు చేసే ఖరీదైన పేర్లు ఈ దారిలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. 2021లో కార్టియే తన ట్యాంక్ మస్ట్ వాచీలో డయల్ మీది రోమన్ అంకెలకు కంటికి ఆనని రంధ్రాలు చేసి, వాటి గుండా వెలుతురును పంపింది. 2022లో టాగ్ హోయర్ సోలార్‌గ్రాఫ్ పేరుతో వచ్చింది. దాని లోపలి యంత్రాన్ని చేసే లా జూ-పెరే సంస్థ సిటిజన్ యాజమాన్యంలోనిది.

మామూలు బ్యాటరీ వాచీకి బదులు సోలార్ కొంటే నిజంగా ఎంత వ్యర్థం తగ్గుతుంది?

దీన్ని అంకెలతోనే చూడాలి. ముళ్ల వాచీల్లో ఎక్కువగా కనిపించే 377 రకం సిల్వర్ ఆక్సైడ్ బిళ్ల బరువు గ్రాములో సగం కూడా ఉండదు, రెండు మూడేళ్లు వస్తుంది. ఇరవై ఏళ్లలో ఏడెనిమిది బిళ్లలు మారినా అంతా కలిపి మూడు నాలుగు గ్రాములే. ఒక్క మనిషి లెక్కన చూస్తే ఇది చాలా చిన్నది. అయితే ఆ గ్రాములలో వెండి, జింకు ఉంటాయి, ఒకప్పుడు పాదరసం కూడా ఉండేది. బిళ్ల బ్యాటరీల్లో పాదరసాన్ని ఐరోపా సమాఖ్య 2015 అక్టోబరు నుంచి నిషేధించింది. పాదరసం వాడకంపై 2017లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కూడా దాన్ని తగ్గించే దారిలోనే ఉంది. ఇన్నాళ్లూ ఈ బిళ్లలు ఇంటి చెత్తతో కలిసి ఎక్కడెక్కడికి చేరాయో తలచుకుంటే, గ్రాముల లెక్క తేలిగ్గా తీసుకోవడానికి మనసు ఒప్పదు.

నా ఉద్దేశంలో అసలు లాభం ఇంకొకటి. బ్యాటరీ అయిపోయిన వాచీ చాలా ఇళ్లలో సొరుగులోకి వెళ్లి మళ్లీ బయటికి రాదు. బిళ్ల మార్చడానికి మూత తీసిన ప్రతిసారీ రబ్బరు వాషర్ నలుగుతుంది, దుమ్ము చేరుతుంది, మూత సరిగా బిగించకపోతే తరువాత నీరు దిగుతుంది. సోలార్ వాచీకి ఈ సందర్భాలు చాలా ఏళ్లు రావు కాబట్టి అది వాడుకలో ఎక్కువ కాలం నిలుస్తుంది. పర్యావరణానికి కలిగే మేలులో పెద్ద వాటా ఆ నిలకడదే.

ఇంట్లో బ్యాటరీ వాచీ బాగానే నడుస్తోంది. దాన్ని మానేసి సోలార్‌కు మారడం మంచిదేనా?

పర్యావరణం కోసమే అయితే మారవద్దు. ఉన్న వాచీకి కావలసిన ఉక్కు, అద్దం, పట్టీ ఇప్పటికే తయారయ్యాయి. కొత్తది కొంటే అవన్నీ రెండోసారి తయారవుతాయి, మిగిలేది కొన్ని బిళ్లలే. పాతది బాగుచేయడానికి వీలులేని స్థితికి వచ్చినప్పుడు సోలార్ గురించి ఆలోచించండి.

కీ ఇచ్చే వాచీ, సోలార్ వాచీ: రెండింటిలో ఏది పచ్చనిది?

కీ ఇచ్చే వాచీలో బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. విడిభాగం దొరకకపోతే చేయి తిరిగిన పనివాడు లేతు మీద కొత్తది చెక్కి పెట్టగలడు. వందేళ్ల నాటి వాచీలు ఇవాళ్టికీ నడవడానికి కారణం అదే. కానీ దాన్ని కొన్నేళ్లకొకసారి పూర్తిగా విప్పి, ద్రావకాల్లో కడిగి, నూనె వేయాలి, ఆ ఖర్చుకు వెనకాడి చాలామంది దాన్ని వదిలేస్తారు. సోలార్ వాచీకి ఆ సేవ దాదాపు అక్కర్లేదు గానీ లోపలి సర్క్యూట్ పోతే చేత్తో చేసి పెట్టగలిగేది కాదు. సేవ చేయించే ఓపిక ఉన్నవారికి కీ ఇచ్చేది, పెట్టుకుని మరచిపోదామనుకునేవారికి సోలార్ సరిపోతుందని చెబుతాను.

## చేతికి వచ్చిన తొలి రోజుల్లో

పెట్టె తెరిస్తే ముల్లు కదలడం లేదు. పాడైన వాచీ అంటగట్టారా?

చాలావరకు కాదు. వాచీ గిడ్డంగిలోనూ, మూసిన పెట్టెలోనూ నెలల తరబడి చీకట్లో ఉండి ఉంటుంది. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర డయల్ పైకి ఉండేలా ఒక రోజంతా ఉంచండి. తలకీ (సమయం మార్చడానికి వాచీ పక్కన ఉండే మర) బయటికి లాగి ఉందేమో, దాని కింద ప్లాస్టిక్ ముక్క ఏదైనా ఇరికించి ఉందేమో ముందుగా చూసుకోండి. రెండు మూడు రోజులు మంచి వెలుతురు తగిలినా కదలకపోతే అప్పుడు తిప్పి పంపడం న్యాయం.

సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతోంది. ఇదేం జబ్బు?

జబ్బు కాదు, ఆకలి వేస్తోందని వాచీ చెప్పే తీరు. నిల్వ తగ్గినప్పుడు చాలా సోలార్ వాచీలు సెకనుకోసారి కదిలే ముల్లును రెండు సెకన్లకోసారి రెండు గీతలు దాటేలా నడుపుతాయి. అలా మోటారు తక్కువసార్లు మేలుకుంటుంది. ఈ దశలో సమయం తప్పదు. వెలుతురు చూపితే కాసేపటికి ముల్లు మామూలు నడకకు వస్తుంది.

ఎనిమిది నెలలు సొరుగులో మరచిపోయిన నా వాచీని ఒకసారి ఉదయపు ఎండ పడే గట్టు మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కొన్ని నిమిషాలకు ముల్లు సన్నగా వణికింది, ఒక్క గెంతు వేసి ఆగింది, మళ్లీ ఒక గెంతు. ఆ తరువాత రెండేసి సెకన్లు గెంతడం మొదలైంది గానీ ఆ గెంతుల్లో సమానత లేదు: ఒకటి వెంటనే, తరువాతిది కాస్త ఆగి. పూర్తిగా ఆగి తిరిగి లేచిన సిటిజన్ వాచీల్లో ఈ తడబాటు నడకకు వేరే అర్థం ఉంది: చూపిస్తున్న సమయాన్ని నమ్మవద్దు, ముందు సరిదిద్దు అని. సమయం పెట్టి తలకీ లోపలికి నొక్కగానే ఆ నడక పోతుంది. చాలామంది సమయం పెట్టకుండా వాచీ పాడైందనుకుని దుకాణానికి పరుగెత్తేది ఇక్కడే.

త్వరగా నిండాలని కారు అద్దం ముందు గానీ, టేబుల్ దీపం కింద గానీ పెట్టవచ్చా?

కారు అద్దం ముందు వద్దు. మూసిన కారులో ఎండ పడే చోట వేడి వాచీ తట్టుకోగలిగే హద్దును సులభంగా దాటుతుంది. సంస్థలు సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వవద్దని హెచ్చరిస్తాయి. వేడి వల్ల బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది, ఎల్‌సీడీ తెర నల్లబడుతుంది, నూనెలు పలచబడతాయి. పాతకాలపు వేడి బల్బు కింద, హాలోజన్ దీపం కింద పెట్టడమూ ఇలాంటిదే. వేడి పుట్టించని ఎల్‌ఈడీ దీపం కింద ఒక జానెడు దూరంలో ఉంచితే ప్రమాదం లేదు. అన్నింటికన్నా మేలైనది కిటికీ గట్టు: వెలుతురు ధారాళంగా ఉంటుంది, గాలి ఆడుతుంది. చేత్తో తాకి చూసినప్పుడు వాచీ వెనక మూత చురుక్కుమంటే చోటు మార్చండి.

రోజూ ఎండలో తిరుగుతాను. ఎక్కువ ఛార్జ్ అయి బ్యాటరీ దెబ్బతింటుందా?

దెబ్బతినదు. నిండిన తరువాత అదనంగా వచ్చే విద్యుత్తును బ్యాటరీలోకి పోనివ్వని రక్షణ సర్క్యూట్ లోపలే ఉంటుంది.

## రోజువారీ వాడకంలో

ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాయే వేసుకుంటాను. సమస్యా?

సోలార్ వాచీలు ఆగిపోవడానికి నాకు తెలిసిన అతి సాధారణ కారణం ఇదే. చొక్కా చేయి వాచీని కప్పినంతసేపూ ఆ వాచీ చీకటి గదిలో ఉన్నట్టే, మీరు ఎండలో నడుస్తున్నా సరే. ఇంటికి రాగానే వాచీని పెట్టెలో కాకుండా వెలుతురు పడే బల్ల మీద పెట్టే అలవాటు చేసుకోండి, సెలవు రోజున కొన్ని గంటలు కిటికీ దగ్గర ఉంచండి.

డిజిటల్ సోలార్ వాచీ తెర తెల్లవారుజామున ఖాళీగా కనిపించింది. చచ్చిపోయిందా?

నిద్రపోయింది. కాసియో వాచీలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్య గంటకు పైగా చీకట్లో ఉంటే తెర ఆపేస్తాయి, లోపల సమయం మాత్రం నడుస్తూనే ఉంటుంది. చీకటి ఆరేడు రోజులు కొనసాగితే మిగతా పనులను కూడా ఆపి లోతైన నిద్రలోకి వెళతాయి. వెలుతురులోకి తెస్తే గానీ, ఏదైనా బటన్ నొక్కితే గానీ లేస్తాయి.

రేడియో, ఉపగ్రహ సంకేతాలు అందుకునే సోలార్ వాచీకి ఎక్కువ డబ్బు పెట్టవచ్చా?

మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు పదిహేను సెకన్ల వరకు అటూ ఇటూ అవుతుంది. అది మీకు ఇబ్బంది కాకపోతే అవసరం లేదు. రేడియో వాచీ జర్మనీలోని డీసీఎఫ్ 77, జపాన్‌లోని జేజేవై, అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూవీబీ వంటి ప్రసార కేంద్రాల సంకేతాన్ని రాత్రిపూట అందుకుని తనను సరిదిద్దుకుంటుంది. ఆ కేంద్రాలకు చాలా దూరంలో నివసించేవారికి ఆ సౌకర్యం కాగితం మీదే ఉండిపోతుంది, వారి చేతికి అది మామూలు క్వార్ట్జే. ఈ లోటు తీర్చడానికి జపాన్ సంస్థ సీకో 2012లో జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే సోలార్ వాచీని ఆస్ట్రాన్ పేరుతో తెచ్చింది. ఆకాశం కనిపించే చోటు ఎక్కడైనా అది పనిచేస్తుంది గానీ, సంకేతం అందుకునేటప్పుడు శక్తి ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి దానికి వెలుతురు కూడా ఎక్కువ కావాలి.

బయటి సంకేతమే లేకుండా కచ్చితంగా నడిచే సోలార్ వాచీలూ ఉన్నాయి. 2019లో చేతి గడియారంగా వచ్చిన సిటిజన్ కాలిబర్ 0100 ఏడాదికి ఒక్క సెకను అటూ ఇటూ ఉంటుందని ఆ సంస్థ ప్రకటించింది. వెలుతురుతో నడిచే యంత్రం అంత నిబ్బరంగా సమయం పట్టుకోగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

సోలార్ స్మార్ట్‌వాచీ కొంటే ఛార్జర్‌తో పని ఉండదా?

చాలావాటికి ఉంటుంది. గుండె వేగం కొలవడానికి, ఫోనుతో మాట్లాడటానికి, రంగుల తెర వెలిగించడానికి కావలసిన శక్తి ముళ్ల వాచీ వాడేదానికి ఎన్నో రెట్లు. వాటిలో సౌరఘటం ప్రధాన ఆధారం కాదు, రెండు ఛార్జ్‌ల మధ్య గడువును పెంచే సాయం మాత్రమే. గార్మిన్ 2022లో తెచ్చిన ఇన్‌స్టింక్ట్ 2 సోలార్‌లో మామూలు వాడకానికి ఛార్జరే అక్కర్లేదని చెప్పింది గానీ, అందుకు రోజూ మూడు గంటలు 50,000 లక్స్ వెలుతురు తగలాలన్నది షరతు. అంటే ఆరుబయట మూడు గంటల మంచి ఎండ. పొలంలో, కొండల్లో పనిచేసేవారికి అది సాధ్యం, గదుల్లో ఉండేవారికి కాదు.

అద్దానికి స్క్రీన్ గార్డు అతికించవచ్చా?

పూర్తిగా పారదర్శకమైనది అయితే నష్టం స్వల్పం. మసక రకం, రంగు రకం వద్దు, అవి ఘటానికి చేరే వెలుతురునే తగ్గిస్తాయి.

## బాగుచేయించాల్సి వస్తే

సోలార్ వాచీలో బ్యాటరీ జీవితాంతం మార్చక్కర్లేదట, నిజమా?

‘జీవితాంతం’ అన్నది అమ్మేవారి మాట. లోపల ఉన్నది తిరిగి ఛార్జ్ అయ్యే లిథియం రకం బిళ్ల, ప్రతి బ్యాటరీ లాగే అదీ ముసలిదవుతుంది. తన బిళ్లలు ఇరవై ఏళ్ల తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకుంటాయని ప్రయోగశాల పరీక్షల ఆధారంగా సిటిజన్ చెబుతుంది. చక్కగా వెలుతురు తగిలిన వాచీల్లో పదిహేను ఇరవై ఏళ్లు రావడం సాధారణమే. తరచూ పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి అలాగే పడి ఉన్నవాటిలో, వేడికి గురైనవాటిలో అంతకన్నా ముందే పోతుంది. తొలితరం సోలార్ వాచీల్లో కొన్ని బ్యాటరీకి బదులు కెపాసిటర్ వాడేవి, అవి కొన్నేళ్లకే నీరసించేవి. సోలార్ వాచీలకు వచ్చిన చెడ్డపేరులో సగం వాటిదే.

మెకానిక్ గారు మామూలు బిళ్ల వేసి ఇస్తానంటున్నారు. వేయించుకోవచ్చా?

వేయించుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. సోలార్ వాచీ తన బ్యాటరీలోకి విద్యుత్తును పంపుతూ ఉంటుంది. ఛార్జ్ కాకూడని సిల్వర్ ఆక్సైడ్ బిళ్లలోకి అలా పంపితే అది ఉబ్బుతుంది, కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కారిన రసాయనం సర్క్యూట్‌ను, రాగి చుట్టను తినేస్తుంది, దాంతో వాచీ మొత్తం పోతుంది.

వేయవలసింది ఎంటీ 621, ఎంటీ 920, సీటీఎల్ 1616 వంటి గుర్తులున్న ఛార్జ్ అయ్యే బిళ్ల, అదీ మీ వాచీ మోడల్‌కు సంస్థ చెప్పినదే. ఎంటీ రకం 1.5 వోల్టులది, సీటీఎల్ రకం 2.3 వోల్టులది కాబట్టి కొలతలు కుదిరినంత మాత్రాన ఒకదాని స్థానంలో మరొకటి పెట్టకూడదు. చాలా వాచీల్లో ఈ బిళ్లకు సన్నటి లోహపు చెవులు అతికి ఉంటాయి. మామూలు బిళ్ల అక్కడ సరిగా కూర్చోకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. మెకానిక్ ఆ చెవులను పీకి కొత్త బిళ్లకు అతికించబోతే ఆపండి, ఆ వేడికి బిళ్ల దెబ్బతింటుంది.

మూత తీసే పనే లేనప్పుడు నీటి నిరోధకత కూడా అలాగే ఉంటుందా?

ఉండదు. వాషర్ రబ్బరుది. మూత తీసినా తీయకపోయినా చెమటకు, సబ్బుకు, వేడికి గట్టిపడి బీటలు వేస్తుంది. ఈత కొట్టేవారు నాలుగైదేళ్లకు ఒకసారి వాషర్లు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించాలి. బ్యాటరీ మార్చే సందర్భం రాదు కాబట్టి సోలార్ వాచీ వాడేవారు దీన్ని మరచిపోతుంటారు. అద్దం లోపల ఆవిరి కనిపించేవరకు ఆగితే ఆలస్యమైనట్టే.

లోపలి యంత్రం మొత్తం మార్చాలన్నారు. ఇదేనా పర్యావరణ హితం?

మీ కోపం న్యాయమైనదే. చాలా సోలార్ క్వార్ట్జ్ యంత్రాలను విప్పి బాగుచేసేలా కాక, పోతే మార్చేలా రూపొందిస్తారు. విడిభాగం పంపడం కన్నా యంత్రం మార్చడం సంస్థకు చౌక. అయినా కేసు, అద్దం, పట్టీ, డయల్ నిలుస్తాయి కాబట్టి కొత్త వాచీ కొనడం కన్నా యంత్రం మార్పించడమే మెరుగు. ఒప్పుకునే ముందు ఒక్క మాట అడగండి: బిళ్ల మార్చి చూశారా అని. ఆగిన సోలార్ వాచీల్లో చాలావాటికి కావలసింది అదే.

## తయారీ, సంస్థల మాటలు

వాచీ తయారీలో భూమికి ఎక్కువ నష్టం ఎక్కడ జరుగుతుంది?

వాచీ నడిచేటప్పుడు కాదు, లోహం గనిలోంచి బయటికి వచ్చేటప్పుడు. అందులో బంగారం మొదటిది. టన్ను ఖనిజం తవ్వితే దక్కేది సాధారణంగా కొన్ని గ్రాములు, మిగిలిందంతా రాళ్లూ బురదా. చిన్న తరహా గనుల్లో బంగారాన్ని పాదరసంతో కలిపి వేరు చేస్తారు. మనుషుల వల్ల గాలిలో కలిసే పాదరసానికి ప్రపంచంలో అతిపెద్ద మూలం ఇవే గనులు. ఆ పాదరసాన్ని ముందుగా పీల్చేది అక్కడ పనిచేసే కుటుంబాలే. ఈ లెక్కన, లోపల సోలార్ యంత్రం పెట్టిన బంగారు వాచీ కన్నా బ్యాటరీతో నడిచే ఉక్కు వాచీ భూమికి ఎంతో తేలిక. సౌరఘటం గురించి ప్రకటనల్లో పేజీలు రాసే సంస్థలు కేసు లోహం ఎక్కడిదో ఒక్క వాక్యం కూడా రాయకపోవడం నన్ను బాధపెడుతుంది.

2018లో ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్విట్జర్లాండ్ శాఖ 15 పెద్ద స్విస్ వాచీ సంస్థలను పర్యావరణ కోణంలో అంచనా వేసినప్పుడు, ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో చాలా సంస్థలు బయటపెట్టడం లేదన్నది దాని ప్రధాన ఫిర్యాదు.

రీసైకిల్ చేసిన ఉక్కు, బంగారం అని రాస్తారు. అందులో నిజమెంత?

రెండింటినీ విడిగా చూడాలి. ఉక్కులో ఇది కొలవదగిన మేలు: పాత ఉక్కు కరిగించడానికి ఖనిజం నుంచి కొత్తది తీసేదానికన్నా శక్తి చాలా తక్కువ చాలు. అయితే ఉక్కు పరిశ్రమ ఎప్పటి నుంచో పాత ఇనుము కరిగిస్తూనే ఉంది కాబట్టి ‘రీసైకిల్డ్’ అన్న మాట కాక, శాతం చూడాలి. పానెరాయ్ అనే వాచీ సంస్థ 2021లో చూపిన ఈల్యాబ్-ఐడీ వాచీ బరువులో 98.6 శాతం రీసైకిల్ ఆధారిత పదార్థాలే, కానీ తలపెట్టింది 30 వాచీలే. అదే ఏడాది మామూలు అమ్మకానికి తెచ్చిన ఈస్టీల్ రకంలో ఆ వాటా 58.4 శాతం. సంస్థ చేయగలిగింది మొదటి అంకె, రోజూ చేసేది రెండో అంకె. అయినా సరఫరాదారుల పేర్లు బయటపెట్టి, ఇతరులూ వాడుకోండని చెప్పడం మెచ్చుకోదగిన పని.

బంగారం సంగతి వేరు. బంగారాన్ని ఎవరూ చెత్తలో పారేయరు, అది ఎప్పుడూ కరిగి మళ్లీ నగ అవుతూనే ఉంది. ఒక సంస్థ పాత బంగారం కొంటే మరొకరు గని బంగారం కొంటారు, తవ్వకం తగ్గదు. అందుకని ఏ గని, ఏ కూలి, పాదరసం వాడారా లేదా అని చెప్పగలిగే బంగారానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

‘వీగన్ లెదర్’ పట్టీ తోలు కన్నా మంచిదేనా?

దేనితో చేశారో తెలిస్తేనే చెప్పగలం. కార్టియే సోలార్ ట్యాంక్‌కు ఇచ్చిన పట్టీలో 40 శాతం మేరకు మొక్కల పదార్థం, ఆపిల్ పరిశ్రమ వ్యర్థాల నుంచి వచ్చినది. మార్కెట్‌లో ఈ పేరుతో దొరికే చాలా పట్టీలు మాత్రం పూర్తిగా ప్లాస్టిక్ పూతే, ఏడాదిన్నరలో అంచులు ఊడిపోతాయి. పదేళ్లు మన్నే ఉక్కు గొలుసు, ఉతికి వాడుకునే బట్ట పట్టీ ఈ రెండింటికన్నా మేలు. కేసుకు మామూలు కొలత పట్టీ సరిపోతుందా అని కొనేటప్పుడే చూడండి. సంస్థ సొంత ఆకారంలో చేసిన కొక్కెం ఉంటే, ఆ పట్టీ తయారీ ఆగిన రోజున వాచీ కూడా మూలపడుతుంది.

‘కార్బన్ న్యూట్రల్’ అన్న ముద్రను నమ్మవచ్చా?

ఆ ముద్ర చాలాసార్లు తయారీలో ఉద్గారాలు తగ్గించినందుకు కాక, వేరెక్కడో చెట్లు నాటే పథకాలకు డబ్బు కట్టినందుకు వస్తుంది. అలాంటి పరిహారం ఆధారంగా వస్తువును ‘న్యూట్రల్’ అని ప్రచారం చేయడాన్ని నిషేధించే ఆదేశాన్ని ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చింది, అది 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. బయటి సంస్థ పరిశీలించి ఇచ్చిన గుర్తులకు కొంత బరువు ఉంటుంది. 1996లో సిటిజన్ ఎకో-డ్రైవ్ వాచీకి జపాన్ పర్యావరణ గుర్తు ఎకో మార్క్ లభించింది, వాచీల్లో ఆ గుర్తు పొందిన మొదటిది అదే. ముద్ర కన్నా సూటిగా అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి: విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారు, బయటి మెకానిక్‌కు అమ్ముతారా, కేసు మూత తెరుచుకుంటుందా లేక అతికించేశారా.

## పాతబడ్డాక

కొన్నాళ్లు పెట్టుకోను. ఎలా దాచాలి?

నిండా ఛార్జ్ చేసి, చల్లని చోట, పరోక్షంగా వెలుతురు పడే అర మీద ఉంచండి. తప్పనిసరిగా సొరుగులోనే పెట్టవలసి వస్తే రెండు నెలలకొకసారి తీసి ఒక పగలు కిటికీ దగ్గర ఉంచండి. తలకీ బయటికి లాగి ముల్లు ఆపి దాచే పద్ధతి మామూలు బ్యాటరీ వాచీల నుంచి వచ్చిన అలవాటు. సోలార్‌కు దానివల్ల పెద్ద లాభం లేదు, పైగా తలకీ లాగి ఉన్నంతకాలం తేమ లోపలికి దారి చేసుకుంటుంది.

తీసేసిన పాత బిళ్లను ఏం చేయాలి?

రెండు వైపులా కరెంటు టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. ఇచ్చేవరకు పిల్లలకు అందని చోట, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. మింగిన బిళ్ల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. పిల్లలు మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వాడిన సోలార్ వాచీ కొంటున్నాను. ఏమేం చూడాలి?

అమ్మేవారు ‘ఛార్జ్ అయిపోయింది, ఎండలో పెడితే నడుస్తుంది’ అంటే, ఎండలో పెట్టి నడిపి చూపించాకే డబ్బు ఇవ్వండి. ఆ మాట నిజమూ కావచ్చు, బిళ్ల పోయిందన్నదానికి మారుపేరూ కావచ్చు. వెనక మూత అంచున గీతలున్నాయంటే ఎవరో తెరిచారు: లోపల సరైన బిళ్లే ఉందా అని అడగండి. డయల్ రంగు వెలిసి, గీతలు గీతలుగా మచ్చలు కనిపిస్తే లోపలికి తేమ దిగిందని అర్థం. కొన్నాక ఒక పగలంతా వెలుతురులో ఉంచి, ఆ తరువాత రెండు వారాలు చీకట్లో పెట్టండి. రెండు వారాలకే ముల్లు రెండేసి సెకన్లు గెంతడం మొదలుపెడితే బిళ్ల ముసలిదయిందన్నట్టు, ఆ ఖర్చును ధరలోనే తగ్గించమని అడగవచ్చు.